పని నీళ్లు

బకెట్ నడింట్లో ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు.

సగానికి పైగా ముదురు గోధుమరంగు నీళ్లు. పైన తెట్టు కట్టిన నురగ. అంచు చుట్టూ ఆరిపోయిన చారలు. పెరటి గుమ్మంలో కోడలి చేతిలోంచి ఊడలాక్కుని ఇక్కడిదాకా మోసుకొచ్చిన బ్యాగు మామయ్య, తీరా కింద పెట్టాక తన చేతుల వంక చూసుకున్నాడు. అవి తనవి కానట్టు ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడ్డాడు.

"సబ్బెక్కడ?" అన్నాడు.



బ్యాగు మామయ్య ఆ ఇంటి పెద్దావిడకు తోడబుట్టిన తమ్ముడు. మందుల కంపెనీ బ్యాగు పట్టుకుని డాక్టర్ల గదుల బయట బెంచీల మీద కూర్చోవడం ఉద్యోగం. కూర్చుని కూర్చుని తానే సగం డాక్టరైపోయానని నమ్మకం. బావకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలిన రోజు నుంచి మకాం ఈ ఇంట్లోనే.

"అక్కా, ఇందులో ఏముందో తెలుసా నీకు?"

"టీ నీళ్లు" అంది పెద్దావిడ.

"టీ నీళ్లు కాదు. బావ ఉమ్మి. రేడియేషన్ సూది వేయించుకున్న మనిషి ఉమ్మి. దాన్ని కడుపుతో ఉన్న పిల్ల మోస్తోంది, వట్టి చేతుల్తో."

కోడలు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ పొట్టకు తగలకుండా పక్కలకు జాపి పెట్టుకుంది. ఐదో నెల. ఏడవడం లేదు. బడిలో లెక్కలు చెప్పే మనిషి, ఇప్పుడూ లోపల ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదుపుతోంది.

"ఎన్నాళ్ల నుంచి మోస్తున్నావే?" అంది పెద్దావిడ.

"మొదటి సూది వేసిన మర్నాటి నుంచీ."

పెద్దావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తప్పు ఎవరిదని వెతికితే ఆ ఇంట్లో నానిన ఒక మాటదే అనాలి. ఇంటాయన టీ కంపెనీలో రుచి చూసే మనిషి. వరసగా పేర్చిన కప్పుల్లోంచి చెంచాతో తీసి, వీధి మలుపు దాకా వినపడేలా జుర్రి, నోరంతా తిప్పి, బకెట్లో ఉమ్మేసి, ఈ సరుకు తీసుకోండి, ఆ సరుకు వద్దు అని చెప్పడం ఆయన పని. మింగడు. బజారంతా ఆయన్ని జుర్రుగారనే పిలుస్తుంది. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ బకెట్ చూసి పెద్దావిడ మొహం తిప్పుకుంటే, అత్తగారు కసిరింది. అది ఉమ్మి కాదు, పని నీళ్లు అంది. ఆ నీళ్లతోనే ఈ ఇంటి పొయ్యి వెలుగుతోందని కూడా అంది. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఉమ్మి వేరు, పని నీళ్లు వేరు. కోడలు వచ్చినప్పుడు పెద్దావిడ అదే పాఠం, అదే కసురుతో అప్పజెప్పింది.

అందుకే ఆస్పత్రిలో డాక్టరమ్మ జాగ్రత్తలు చెబుతున్నప్పుడు అందరూ తలలూపారు. కొన్నాళ్లు ఆయన మూత్రంలో, చెమటలో, ఉమ్మిలో మందు దిగుతుంది. కంచం వేరు, తువ్వాలు వేరు, మరుగుదొడ్డి వేరు. కూర్చునే పోయాలి, రెండుసార్లు నీళ్లు వదలాలి. కడుపుతో ఉన్న పిల్ల దగ్గరికి పోకూడదు. అన్నీ పాటించారు. పాటించడంలో కాస్త ఉత్సాహం కూడా చూపించారు. ఆయన్ని వెనకగదిలోకి నెట్టారు. వారం పది రోజులు చాలని డాక్టరమ్మ చెప్పినా, నెలన్నర దాటినా, ఆయన కంచం ఇంకా వేరుగానే ఉంది, గుమ్మం బయట పెట్టి తలుపు తట్టి వచ్చేస్తున్నారు.

బకెట్ మాత్రం రోజూ ఆ గుమ్మం బయటికి వచ్చేది. కోడలు దాన్ని తీసుకెళ్లి పెరట్లో పారబోసి, చేత్తో తోమి, మళ్లీ పెట్టేది. మనిషికి దూరంగా ఉండమన్నారు గానీ పని నీళ్లకు దూరంగా ఉండమని ఎవరూ అనలేదు.

"నేను ఫోన్ చేస్తాను" అని కోడలు లేచింది. మోచేతుల దాకా సబ్బు రాసుకుని కడుక్కుంది. తుడుచుకుని, మళ్లీ కడుక్కుంది. మేడమెట్ల మీద కూర్చుని ఆస్పత్రికి ఫోన్ చేసి, కిందికి వచ్చింది.

"ఇప్పుడు బకెట్లో ఏమీ లేదట. మందు జోరు ఎప్పుడో తగ్గిపోయిందట. పారబోయొచ్చట."

"బిడ్డ?" అన్నాడు కొడుకు. అంతసేపటికి అతను నోరు విప్పడం అదే మొదలు.

"మొదట్లో తగిలిందే లెక్కలోకొస్తుందట. చాలా కొంచమే అయ్యుండొచ్చన్నారు." ఆమె మొగుడి మొహంలోకి చూడకుండా బకెట్‌తో చెబుతున్నట్టు చెప్పింది. "అయ్యుండొచ్చు. రేపు వచ్చి చూపించుకోమన్నారు. ఇంట్లో ఉమ్మే పని ఉందని మాకెందుకు చెప్పలేదని అడిగారు. ఏం చెప్పను? మాకది ఉమ్మి కాదండీ అన్నాను."

"ఇంకేమంది?"

"రెండో సూదికి ఏ మందు కావాలో సాయంత్రం లోపల తేల్చి చెప్పమన్నారు. ఆ మందు నిలవుండేది కాదట. ఇవాళ చెబితేనే తెప్పిస్తారట."

పారబోయొచ్చని తెలిశాక కూడా ఎవరూ బకెట్ దగ్గరికి పోలేదు. బ్యాగు మామయ్య సబ్బు దొరకబుచ్చుకుని చేతులు తోముకుంటున్నాడు. కొడుకు గుమ్మానికి చేరగిలబడి చొక్కా గుండీ తిప్పుతున్నాడు. చివరికి పెద్దావిడే దాన్ని ఎత్తి పెరట్లోకి మోసుకెళ్లి కాలవలో కుమ్మరించింది. నురగ కాలవ అంచున బుడగలు బుడగలుగా ఆగింది. దాన్ని చూస్తూ నిలబడితే, పెళ్లయిన కొత్తలో మింగేసిన అసహ్యమంతా ఒక్కసారే పైకి వచ్చింది.

లోపలికొచ్చి కొడుకుని అడిగింది.

"సెలవులో ఉన్న మనిషికి కంపెనీ శాంపిళ్లు ఎందుకొస్తున్నాయి రా?"

"నాన్నకి పొద్దు పోవద్దూ అమ్మా. ఊరికే అలవాటు కొద్దీ..."

"ఊరికేనా" అంది కోడలు.

"నువ్వూరుకో."

"నెలన్నర ఊరుకున్నాను. చేతులు చూడండి, ఊరుకున్నందుకు ఏ రంగుకొచ్చాయో." ఆమె అత్తగారి వైపు తిరిగింది. "మామయ్యగారి కుర్చీలో ఈయన్ని తాత్కాలికంగా కూర్చోబెట్టారుగా. ఈయనకి టీకీ వేన్నీళ్లకీ తేడా తెలీదు. సాయంత్రం శాంపిళ్లు ఇంటికి తెస్తారు. మామయ్యగారు జుర్రి, ఏది మంచిదో ఏది కాదో చెప్తారు. ఈయన అద్దం ముందు నిలబడి బట్టీ పడతారు. పొద్దున్న కంపెనీలో అందరి ముందూ జుర్రి, ఉమ్మి, అప్పజెప్పేసి వస్తారు. మా ఐదో తరగతి పిల్లలు నయం, ఎక్కాలు మర్చిపోతే నిజం చెప్తారు."

బ్యాగు మామయ్య ఫక్కున నవ్వబోయి, అక్క మొహం చూసి దగ్గుగా మార్చుకున్నాడు.

"మరి ఆ బకెట్ నువ్వు మొయ్యొచ్చుగా?" అని పెద్దావిడ కొడుకునడిగింది.

"ఉత్త టీ నీళ్లే అనుకున్నానమ్మా."

"అనుకున్నావా, అలా అనుకుంటే హాయిగా ఉందా?"



"అసలు సంగతి చూడండి ముందు" అని బ్యాగు మామయ్య తడి చేతులు విదిలిస్తూ కుర్చీ లాక్కున్నాడు. "సాయంత్రం లోపల చెప్పాలి. నేనైతే రెండో మందే అంటాను. ఆక్టీనియం. మొదటిది లుటీషియం, దాని దెబ్బ మెత్తన. గట్టిది ఉండగా మెత్తదాని వెనక ఎవడైనా పడతాడా?"

"మొదటిదే ఇంకోసారి వేయించుదాం" అన్నాడు కొడుకు వెంటనే. "ఒంటికి పడిందిగా."

మొన్న ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది పెద్దావిడకు మాట పొల్లుపోకుండా గుర్తుంది. రెండు మందులూ గడ్డ కణాల మీదుండే ఒక గుర్తుని వెతుక్కుంటూ పోయి అతుక్కుంటాయి. అతుక్కున్నాక మొదటిదాని కిరణం కాస్త దూరం పాకుతుంది, నెమ్మదిగా కొడుతుంది. రెండోది పక్కకు పాకదు, ఉన్నచోటే గట్టిగా కొడుతుంది. చిక్కేమిటంటే ఉమ్మి ఊరే గ్రంథులు కూడా ఆ మందుని తమ దగ్గరికి లాక్కుంటాయి. మొదటిదానితో నోరు కొద్దిగా ఎండొచ్చు. రెండోదానితో బాగా ఎండొచ్చు, మళ్లీ తడి రాకనూ పోవచ్చు. స్కాన్‌లో గడ్డ కాస్త కుంచించుకుంది గానీ, పక్క కండని పట్టుకున్న అంచుని ఇంకా వదల్లేదు. అంచు వదిలితే కోసేవాళ్లకి సులువు. ఆపరేషన్ ముందు ఏ మందు ఇస్తే అంచు బాగా వదులుతుందో పోల్చి చూడడానికే ఆ ఆస్పత్రిలో కొందరికి అదీ కొందరికి ఇదీ ఇస్తున్నారు. ఏది మేలో ఇంకా తేలలేదు. ఈ గడ్డ తీరు చూస్తే రెండోది ప్రయత్నించదగ్గదే అనిపిస్తోంది, మాటివ్వలేను అంది డాక్టరమ్మ.

మాటివ్వలేనన్న ఆ ఒక్క మాటే పెద్దావిడకు నచ్చింది. మిగతా అందరూ మాటలిచ్చేస్తున్నారు.

"ఒంటికి పడిందనా?" అంది కోడలు. "నాలుక మిగులుతుందని చెప్పండి. మామయ్యగారి నోరెండిపోతే రేపట్నుంచి మీరు కంపెనీలో ఏం అప్పజెప్తారు?"

"నోరు అదుపులో పెట్టుకో."

"నా నోరు కాదండీ ఇప్పుడు ఇంటికి కావలసింది."

"చూశావా అక్కా, వీడి తెలివి" అన్నాడు బ్యాగు మామయ్య, మహా బాధ నటిస్తూ. "కన్నతండ్రి ప్రాణమా, కుర్చీనా? అదే నేనైతే..."

"నువ్వైతే ఏం?" అంది పెద్దావిడ. "నీ ఫోన్లో మీ బావ స్కాన్ ఫొటో ఎందుకుంది?"

"అదా... డాక్టర్ల అభిప్రాయం తీసుకుందామని."

"మొన్న పక్కింటాయనకి చూపించావు. ఆయన డాక్టరా? పాలవాడికి చూపించావు. మా ఇంట్లో కొత్తమందు వాడుతున్నాం, రెండోది ఇంకా ఎవరికీ దొరకట్లేదు అని చెప్పావు. కిటికీలోంచి విన్నాను. నీకు బావ అక్కర్లేదురా. చెప్పుకోడానికి ఓ కబురు కావాలి."

బ్యాగు మామయ్య గాయపడ్డ మొహం పెట్టి గోడ గడియారం చూశాడు.

పెద్దావిడ ఆ ఇద్దరినీ చూసింది. ఒకడు తన తల్లి కడుపులో తన వెనక పుట్టినవాడు, ఒకడు తన కడుపున పుట్టినవాడు. ఇద్దరూ వెనకగదిలో మనిషిని గురించి మాట్లాడుతున్నారు, మనిషిని తప్ప. ఇల్లంతా పాచివాసన వేస్తున్నట్టనిపించింది. కిటికీలు తెరిచే ఉన్నాయి.

వెనకగది తలుపు తట్టకుండా తీసుకుని లోపలికెళ్లింది. నెలన్నరలో ఆ గుమ్మం అలా దాటడం అదే మొదటిసారి.

గదిలో ఫినాయిలూ ఉడికిన ఆకూ కలిసిన వాసన. మంచం పక్కన బల్ల, బల్ల మీద వరసగా తెల్ల కప్పులు, వంకర తిరిగిన చెంచా, కాగే కెటిలు. జుర్రుగారు మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. చెవులు బాగానే పనిచేస్తాయి ఆయనకి. ఆ ఇంటి గోడలు పలచన.

"విన్నారా?" అంది.

"ఊఁ."

"ఏమంటారు?"

ఆయన బొటనవేలితో దుప్పటి అంచుని నలుపుతున్నాడు. పెద్దావిడ స్టూలు లాక్కుని కూర్చుంది. బయట తమ్ముడి గొంతు, కొడుకు గొంతు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

నిన్నటి నుంచీ ఆమెను ఒక సంగతి తొలుస్తోంది. నిన్న పొద్దున కంగారులో విరిగిన పాలతోనే టీ పంపేసింది. తర్వాత గిన్నె చూసుకుని నాలిక్కరుచుకుంది. నీళ్లు రెండోసారి కాగితే కప్పు తోసేసే మనిషి, ఆ టీ అడుగంటా తాగి కప్పు బయట పెట్టాడు. జబ్బు మెత్తబరిచిందనుకుని జాలిపడింది. ఇప్పుడు జాలి కాకుండా మరేదో అనిపిస్తోంది.

"బల్ల మీద మిగిలిన శాంపిల్ పొట్లాలు చూశారా?"

"ఈ గొడవలో ఎవడికోసం చూడను?"

"నాకోసం చూడండి. మొదట్లో నాకు చెప్పేవారుగా, ఏ ఆకు ఎక్కడ పెరిగిందో."

ఆయన మొహంలో కాస్త వెలుగొచ్చింది. పెద్దావిడ బల్ల దగ్గరికి వెళ్లి, ఆయనకు వీపు అడ్డం పెట్టి, ఒకే పొట్లంలోంచి రెండు కప్పుల్లో ఒక్కొక్క చెంచా వేసింది. ఒకే కెటిలు నీళ్లు పోసింది. ఆకు దిగేదాకా ఆగి, వడగట్టి, ఆయన ముందు పెట్టింది.

మొదటి కప్పులో చెంచా ముంచి జుర్రాడు. చప్పుడు మాత్రం పాతదే, దర్జాగా ఉంది. నోరు తిప్పి, ఖాళీ కప్పులో ఉమ్మాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఎత్తు మీద పెరిగిన ఆకు. మంచు బాగా తాగింది. కళ్లు మూసుకుని తీసుకోవచ్చు."

రెండో కప్పు. జుర్రు. ఉమ్మి. మొహం చిట్లించాడు.

"ఇది తడిసిన సరుకు. సరిగ్గా ఆరకముందే మూటకట్టేశారు. వెనుక పచ్చి వాసన. వద్దు."

పెద్దావిడ రెండు కప్పులనీ దగ్గరికి జరిపింది.

"రెండూ ఒకే పొట్లమండీ."

దుప్పటి అంచు మీద బొటనవేలు ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి?" అంది.

ఆయన కప్పుల వైపే చూస్తున్నాడు. "సూది వేశాక రెండు మూడు వారాలకి. పొద్దున లేచేసరికి నోరంతా ఇసక పోసినట్టుంది. తర్వాత రుచులు ఒక్కొక్కటే పోయాయి. తీపి తెలుస్తుంది. ఉప్పు తెలుస్తుంది. అంతే."

"మరి రోజూ వాడికి చెప్పేది?"

"కొంత రంగు చూసి. కొంత వాసన పట్టి." కాస్త ఆగాడు. "మిగతాది వాడి మొహం చూసి. వాడు గుమ్మంలోంచి ఏ కప్పు వంక ఆశగా చూస్తే అది బాగుందనేవాణ్ణి."

పెద్దావిడకు నవ్వొచ్చింది. నవ్వు కాదు, దాని పుల్లటి తేన్పు లాంటిదేదో. రుచి తెలియని తండ్రి, రుచి తెలియని కొడుకు మొహం చూసి చెబుతుంటే, ఆ కొడుకు అద్దంలో చూసుకుని బట్టీ పట్టి, కంపెనీ అంతా తలూపింది. ఆ సరుకంతా ఇప్పుడు గోడౌన్లో కూర్చుని ఉంటుంది.

"రుచే తెలియనప్పుడు ఉమ్మడమెందుకండీ? ఆ పిల్ల మోసిందేమిటి ఇన్నాళ్లూ?"

"ఉమ్మకపోతే వాడికి అనుమానం రాదూ?"

ఎంతో సబబైన మాట చెప్పినట్టే చెప్పాడు. పెద్దావిడ స్టూలు కాస్త వెనక్కి జరుపుకుంది. తాను జరిగినట్టు ఆమెకే తెలియదు. ఆయనకు తెలిసింది.

"ఇంకోటడుగుతాను, నిజం చెప్పండి. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఉమ్మి అన్నప్పుడు, మీకు బకెట్ గుర్తు రాలేదా?"

కెటిలు మూత చిన్నగా కొట్టుకుంటోంది. ఆమె లేచి స్విచ్ ఆపేసి వచ్చి కూర్చుంది.

"వచ్చింది" అన్నాడు చివరికి. "పని నీళ్లు కదా అని సరిపెట్టుకున్నాను. చెప్తే శాంపిళ్లు ఆపేస్తారు. ఇవి కూడా లేకపోతే ఈ గదిలో నేనెవర్ని? గుమ్మం బయట కంచం పెట్టించుకునేవాణ్ణి."

అందులో కూడా నిజం లేకపోలేదు. అదే ఆమెకు మరింత రోత పుట్టించింది. పూర్తిగా అసహ్యించుకుందామంటే ఎక్కడో ఒకచోట తన చెయ్యి కూడా ఉంది. ఆ కంచం పెట్టింది తనే. తలుపు తట్టి పారిపోయింది తనే.

"పోనీ, అయిందేదో అయింది" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "డాక్టరమ్మకి చెప్పేయ్. రెండో మందుకి ఒప్పుకున్నానని."

పెద్దావిడ గుండె ఒక్కసారి తేలికపడింది. గడ్డ అంచు వదులుతుందేమో. కోసేస్తే ఇంకా చాలా ఏళ్లు ఉంటాడేమో. ఇన్ని రోతల మధ్యా ఆమెకు కావలసింది అదొక్కటే. ఈ మనిషి బతకాలి. బతికాక తిట్టొచ్చు, మాటాడ్డం మానేయొచ్చు. ముందు బతకాలి.

"నిజంగా ఒప్పుకున్నారా?"

"ఆలోచిస్తే అదే మంచిదనిపించింది. దాంతో నోరెండిపోతుందని ఆవిడే అందిగా, అందరూ విన్నారుగా. రేపు నాలుక పోయిందంటే ఆ మందు వల్ల పోయిందంటారు. అప్పటిదాకా నేను చెప్పినవన్నీ నిలబడతాయి. వాడి కుర్చీ నిలబడుతుంది. ఇంత కాలం నాలుక మీద బతికినవాణ్ణి, చివర్లో దొంగరుచులు చెప్పాడనిపించుకోమంటావా?"

ఆయన ఒప్పుకుంది గడ్డ కోసం కాదు. గడ్డ మాటే రాలేదు ఆ నోట.

పెద్దావిడ ఫోన్ తీసి ఆస్పత్రి నంబరు నొక్కింది. కారణం ఏదైతేనేం, మందు మందేగా అనుకుంది. అనుకోవడానికి ప్రయత్నించింది. ఫోన్ మోగుతున్న చప్పుడుకే బయట గొంతులు ఆగిపోయాయి. ముగ్గురూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. గుమ్మం మాత్రం ఎవరూ దాటలేదు.

"స్పీకర్ పెట్టక్కా, మేమూ వింటాం" అన్నాడు బ్యాగు మామయ్య.

పెట్టింది.

"రెండోదానికి ఒప్పుకున్నారండీ" అంది పెద్దావిడ.

కొడుకు మొహం మాడిపోయింది. బ్యాగు మామయ్య చంకలో బ్యాగు సర్దుకుని, ఆ నిర్ణయం తనదే అన్నట్టు చుట్టూ చూశాడు.

"మంచిదమ్మా" అంది డాక్టరమ్మ గొంతు. "తెప్పించే ముందు ఒక మాట అడగాలి. ఆయన చేసే పని ఏమిటో ఇందాక మీ కోడలు చెబితేనే నాకు తెలిసింది. మాకు టీ కంపెనీలో ఉద్యోగం అనే చెప్పారు. మొదటి సూది తర్వాత నోరు బాగా ఎండడం గానీ, రుచి తెలియకపోవడం గానీ ఉందా? ఉంటే మాత్రం మొదటిదే మళ్లీ వేయను, రెండోదైతే అసలు ఇవ్వను. ఇప్పటికే దెబ్బతిన్న నోటి మీద దాన్ని వేస్తే తినడం, మాట్లాడడం కూడా కష్టమైపోవచ్చు. అలాంటప్పుడు గడ్డ ఉన్నదున్నట్టుగానే ఆపరేషన్‌కి పంపాల్సి ఉంటుంది. అంచు కాస్త మిగిలిపోయే భయం ఉంటుంది."



"ఏం లేదండీ, నాన్న నాలుక బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు కొడుకు గుమ్మంలోంచి. ఆ ఇంట్లో ఆ రోజు నిజమని నమ్మి మాట్లాడింది అతనొక్కడే. "నిన్న కూడా పది కప్పులు విడివిడిగా చెప్పారు."

"నేను రోజూ చూస్తున్నాను డాక్టర్, ఏ ఇబ్బందీ లేదు" అన్నాడు బ్యాగు మామయ్య.

జుర్రుగారు మంచం మీంచి పెళ్లాం కళ్లలోకి చూశాడు. తల అడ్డంగా, చాలా కొంచెం, ఊపాడు. చెప్పకు అని.

లేదని అంటే మందు వస్తుంది. వస్తే అంచు వదలొచ్చు, లేదా నోరు శాశ్వతంగా పోయి, ముద్ద దిగక, మాట పెగలక మిగలొచ్చు. ఉందని అంటే పరువు పోతుంది, కొడుకు కుర్చీ పోతుంది, అంచు మిగిలితే ఆ తర్వాత మనిషే పోవచ్చు. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో అందరూ చేసినవన్నీ ఎత్తి పారబోసినట్టే, ఇది కూడా ఆమెనే పారబోయమంటున్నారు.

"అమ్మా, లైన్లో ఉన్నారా?" అంది డాక్టరమ్మ. "వాళ్లని కాదు, మిమ్మల్ని అడుగుతున్నాను."

కోడలు అత్తగారి చేతిలో ఫోన్ వైపు చూస్తూ నిలబడింది.

పెద్దావిడ లేచింది. ఫోన్ తీసుకెళ్లి జుర్రుగారి చేతిలో పెట్టి, వేళ్లు దాని చుట్టూ మూసింది.

"నోరు మీది. మీరే చెప్పండి."

ఆయన ఫోన్ మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. పెదాలు విడ్డాయి. నాలుక అంగిటికి అంటుకుని చిన్న టక్కుమన్న చప్పుడు వచ్చింది, మాట రాలేదు. తలవైపు ఉన్న నీళ్లగ్లాసు కోసం చెయ్యి చాపాడు.

పెద్దావిడ ఆ గ్లాసు తీసేసి, తన వీపు వెనక పెట్టుకుంది.

"హలో," అంది ఫోన్, "చెప్పండి, వింటున్నాను."